గండము గడిచినది, సరే! ఎవరికి చెప్పితిరి?

గత మాసమున మన ఊరి దవాఖానాలలో ఒకదానియందు మన కుటుంబములకు చెందిన ఒక ఆడబిడ్డకు కాన్పు కష్టమై ఆపరేషను చేయవలసి వచ్చినది. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. ఇంటివారు ఆంజనేయస్వామి గుడిలో కొబ్బరికాయలు కొట్టించి, గంజ్‌లోని దుకాణములకెల్ల పేడాలు పంచిరి. మాకును ఒక పొట్లము అందినది. సంతోషముతోనే తింటిమి. తిన్న పిదప తెలిసిన సంగతి మాత్రము నేటివరకు జీర్ణము కాలేదు.

ఆ దినమున థియేటరులో జరిగినది ఇది. కడుపు కోయుటకు ముందు నడుమున, వెన్నుపూసల సందున, మత్తుసూది ఇత్తురు. ఆ మందు చిన్న గాజు ఆంప్యూలులో వచ్చును. కాన్పు పిమ్మట రక్తస్రావమును అరికట్టుటకు వాడు ట్రానెక్సమిక్ ఆమ్లమును ఇంచుమించు అట్టి ఆంప్యూలులోనే వచ్చును. రెండును ఒకే పళ్ళెములో పక్కపక్కన ఉండినవి. మత్తుడాక్టరుగారు చేయి చాచిరి. సిస్టరు ఆంప్యూలు మెడ విరువబోవుచు పేరు పైకి చదివెను, చదివి ఆగెను. చేతిలోనున్నది మత్తుమందు కాదు. దానిని పక్కనబెట్టి రెండవదానిని అందించెను. ఆపరేషను సాగెను. అంతయు అర నిమిషపు మాట.

ఆ అర నిమిషము లేకున్నచో ఏమగునో ఊహింపనక్కరలేదు, లెక్కలు గలవు. ట్రానెక్సమిక్ ఆమ్లము పొరపాటున వెన్నులోనికి ఎక్కిన ఉదంతములను వివిధ దేశములనుండి 21 సేకరించి 2019లో ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. అందు 10 మంది మరణించిరి. మిగిలినవారిలో ఒక్కరు తప్ప అందరును ప్రాణముల మీదికి తెచ్చుకొన్నవారే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పొరపాటును గూర్చియే ప్రత్యేకముగ హెచ్చరిక వెలువరించి, ఆ మందును మత్తుమందుల బండికి దూరముగ ఉంచవలెనని చెప్పినది. దూరముగ ఉంచవలెనని లోకమంతటికి చాటిన మందు మన ఊరిలో మత్తుమందు పక్కనే పళ్ళెములో కూర్చున్నది.

ఇది మాకెట్లు తెలిసినది? ఆ మత్తుడాక్టరుగారే, యువకులు, బయటికి వచ్చి ఆ పిల్ల పెనిమిటితో ఉన్నదున్నట్లు చెప్పిరి. వారికి మా నమస్కారములు. పెనిమిటి విని, ఇంటికి వచ్చి చెప్పగా పెద్దలు, "గండము గడిచినది, ఇక ఆ మాట ఎత్తవద్దు" అనిరి. దవాఖానా యాజమాన్యమువారును అదే మాట అనిరి. కాని వారు ఊరక అని వదలలేదు. మూడవ దినమున ఆ సిస్టరును థియేటరునుండి తప్పించి జనరల్ వార్డుకు మార్చిరి. ఆమె చేసిన నేరము, పదిమందిలో గట్టిగా చదివి డాక్టరుగారిని చిన్నబుచ్చుటయట! చిన్నబోయినారనబడుచున్న డాక్టరుగారు మాత్రము తాము చిన్నబోలేదనియే చెప్పుచున్నారు.

మన సంఘము పక్షమున మేము యాజమాన్యమువారికి ఒక జాబు వ్రాసితిమి. థియేటరులో ఒక పుస్తకము ఉంచుడు. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదములను, పేర్లు లేకుండ, అందు వ్రాయింపుడు. నెలకొకమారు అందరును కూర్చుండి చదువుకొనుడు. ఇంతియే మేము కోరినది. పది దినములకు బదులు వచ్చినది. "మా దవాఖానాలో అట్టివి జరుగవు" అని ఒక్క పంక్తి.

మేము వైద్యము చదివినవారము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి పత్తి గంజ్‌లో అడత దుకాణమున కూర్చున్నవారము. ఐనను ముప్పది సంవత్సరములు చిఠ్ఠా ఆవర్జాలు త్రిప్పిన చేయి ఇది. ఏడాది పొడుగున ఒక్క కొట్టివేతయైనను, ఒక్క దిద్దుబాటైనను లేని చిఠ్ఠాను గుమాస్తా తెచ్చి ముందర పెట్టినచో మేము వానిని మెచ్చుకొనము. ఆ రాత్రి నిద్రపోక ఆ పుస్తకమును మరల మొదటినుండి కూడుదుము. తప్పులు లేని పుస్తకము తప్పులు వ్రాయని పుస్తకమే కాని వేరు కాదు.

"అట్టివి జరుగవు" అను మాటకు మన పాత రాజ్యముననే ఒక కథ గలదు. 1956 వరకు మన రాయచూరు నిజాము రాష్ట్రములోనిదే గదా. ఆ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ అను దొరగారుండిరి. ఆ కాలమున మత్తుకు క్లోరోఫారమే దిక్కు. 1848లో ఇంగ్లండున పదునైదేండ్ల బాలిక ఒకతె కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి కన్నుమూసిననాటినుండియు, ఆ మందు ముందుగ ఆపునది గుండెనా, ఊపిరినా యను వాదము ఐరోపాలో తెగకుండెను. లారీగారు ఊపిరినే అని పట్టుబట్టి, 1888లో ఒక కమిషను, 1889లో రెండవ కమిషను నడిపించిరి. రెండవదానికి మహబూబ్ అలీఖాన్ నిజాముగారు వేయి పౌన్లు ఇచ్చి లండనునుండి లాడర్ బ్రంటన్ అను పండితుని రప్పించిరి. వందలకొలది జంతువులకు క్లోరోఫారమిచ్చి చూచిరి. ఆ కాలపు హైదరాబాదు వైద్య విద్యార్థులలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి కూడ నుండెను. లోకమున మత్తుమందిచ్చిన తొలి మహిళావైద్యులలో ఆమె నొకరిగ నేటికిని చెప్పుకొందురు. మన సీమకు ఇది గర్వకారణమే.

కమిషను తేల్చినదేమన, ముందు ఆగునది ఊపిరి, పిదప గుండె. కావున మత్తు ఇచ్చువాడు ఊపిరిని కనిపెట్టియుండిన చాలును. ఊపిరిని కనిపెట్టవలెననుట నూటికి నూరుపాళ్ళు నిజము. నాడిని చూడనక్కరలేదనుట నిజము కాలేదు. మత్తు పలుచగా నున్నపుడే, భయముతోనో నొప్పితోనో ఉన్న రోగి గుండె ఒక్కసారిగ లయ తప్పి నిలిచిపోవచ్చునని 1911లో లండనున లీవీ అను వైద్యుడు చూపెను. లారీగారు అసత్యమాడినవారు కారు. తమ బల్లమీద చూడనిది ఎచ్చటను లేదనుకొనిరి. మన యాజమాన్యమువారి ఒక్క పంక్తి జాబులో ఉన్నదియు ఆ ధీమాయే. లారీగారు ఆ ధీమాను నిలుపుకొనుటకు ప్రయోగములైన చేసిరి. వీరు పుస్తకమైన తెరువరు.

దూరపు సంగతులేల? మన జిల్లాలోని హట్టి బంగారు గనులను చూడుడు. 1952 గనుల చట్టము 23వ సెక్షను ప్రకారము మనిషి చచ్చిననో, గట్టిదెబ్బ తగిలిననో మాత్రమే కబురు పంపవలెనని లేకుండెను. గనిలోనికి మనుషులను, సామానును దించు మోకు తెగినను, పంజరము హద్దు దాటి పైకి పోయినను, నిప్పు రాజుకొన్నను, నీరు విరుచుకొని పడినను కబురు పంపవలసియుండెను. ఆ క్షణమున ఆ మోకు కింద ఎవరును లేకపోవచ్చును. ఒక్క చీమకు కూడ గాయము కాకపోవచ్చును. ఐనను వ్రాయవలసియుండెను. ఏలయన, మోకు తెగుట యను సంగతి కింద మనిషి ఉన్నను లేకున్నను ఒక్కటే. మనిషి ఉండుట లేకుండుట మాత్రమే అదృష్టము. చట్టము చేసినవారు అదృష్టమును లెక్కలోనికి తీసుకొనలేదు.

మన జంక్షనును చూడుడు. బొంబాయినుండి వచ్చిన పట్టాలును మద్రాసునుండి వచ్చిన పట్టాలును 1871లో కలిసిన చోటు మనది. మన తాతలలో పెక్కురు ఆ పట్టాల వెంటనే ఇచ్చటికి వచ్చి దుకాణములు తెరచిరి. రైల్వేవారి ప్రమాదముల వర్గీకరణలో "ఢీకొనబోయి తప్పినవి" అను ఒక పద్దు ప్రత్యేకముగ గలదు. ఎర్రదీపమును దాటి పది గజములు పోయి నిలిచిన బండియు ఆ కోవలోనిదే. బండిలోని ప్రయాణికుడు నిద్రలేవకపోవచ్చును. ఐనను విచారణ జరుగును.

బంగారము తవ్వు గనిలో మోకు తెగిన వ్రాయవలెను. మన ఆడబిడ్డ వెన్నులోనికి దిగబోయిన విషము చేతిలో ఆగినచో వ్రాయనక్కరలేదు! ఇదియేమి న్యాయమని అడుగుట తెలుగువారికి తగదని మన సంఘములోనే కొందరు పెద్దలు మాకు చెప్పుచున్నారు. వారి మాటకు ముందుముందు వత్తుము.

అమెరికాలోని బోస్టన్ నగరపు మసాచుసెట్స్ జనరల్ దవాఖానాలో కూపర్ అను నాయన ఉండెను. వారు వైద్యులు కారు, ఇంజనీరు. వారు మత్తుడాక్టర్లను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి, పేరు బయటపెట్టమని మాటయిచ్చి, "మీ చేతిలో తప్పిపోవుచు తప్పిపోవుచు నిలిచినవి ఏవి?" అని అడిగిరి. 1978లో ఆ ఫలితములు అచ్చయ్యెను. 359 ఉదంతములు! అందు నూటికి 82 మనిషి పొరపాట్లు. యంత్రము తానుగా చెడినవి నూటికి 14 మాత్రమే. రోగి ఊపిరిగొట్టము ఊడిపోవుట, ఒక వాయువు మరను త్రిప్పబోయి మరియొకదానిని త్రిప్పుట, సిరంజి మారిపోవుట, ఇవే మరల మరల కనబడెను. ఒక్కొక్క డాక్టరును తనకు ఒక్కనికే అట్లు జరిగెననుకొని సిగ్గుతో దాచుకొన్నవి. ఒక్కచోట చేర్చినపుడు అవి అందరివియు నని తేలెను. సిగ్గు పోయినచోటనే మందు పుట్టెను. గొట్టము ఊడినచో మ్రోగు గంటలు, ఒకదాని చోట ఒకటి అమరని సిలిండరు బిగింపులు, వేలికి తగిలించి రక్తమునందలి ప్రాణవాయువును చూపు పరికరములు మత్తు గదులలో నేడు సాధారణమైనవి. ఇవన్నియు ఒక్క దినమున, ఒక్కరి వలన వచ్చినవి కావు; కాని ఎచ్చట మనిషి చేయి జారుచున్నదో తెలియనిదే గంటను ఎచ్చట కట్టవలెనో తెలియదు గదా.

ఈ పాఠమును విమానములవారు మరి ఖరీదుగా నేర్చుకొనిరి. 1974 డిసెంబరు 1వ తేదీన వాషింగ్టను చెంత దిగబోవుచున్న విమానమొకటి కొండను గ్రుద్దుకొని 92 మంది మరణించిరి. విచారణలో బయటపడినదేమన, సుమారు ఆరు వారములకు ముందు వేరొక కంపెనీ విమానము అదే త్రోవలో, అదే మాట అపార్థము చేసికొని, అదే కొండను కొంచెములో తప్పించుకొనెను. ఆ పైలట్లు తమ కంపెనీవారికి చెప్పిరి. కంపెనీ తన పైలట్లకు హెచ్చరిక పంపెను. పొరుగు కంపెనీకి కబురు అందలేదు. దాని తరువాత 1976లో అచ్చట ఒక ఏర్పాటు చేసిరి. తప్పిన ప్రమాదమును వ్రాసి పంపినచో, ఆ జాబు శిక్షించు శాఖకు పోదు. అంతరిక్ష పరిశోధన చేయు నాసా సంస్థకు పోవును. వారు పేరు చెరిపి, పాఠమును మాత్రము అందరికి పంపుదురు. శిక్షించు చేయి వేరు, జాబు అందుకొను చేయి వేరు. ఏర్పాటులోని కీలకమంతయు ఈ ఒక్కదానియందే గలదు.

మన దేశమున ఇట్టిది అవసరము లేదందురా? 2016 మే నెలలో ఇందూరు నగరపు ఒక పెద్ద ప్రభుత్వ దవాఖానాలో, కొత్తగా కట్టిన పిల్లల థియేటరులో, ప్రాణవాయువు గొట్టములో నైట్రస్ ఆక్సైడు వచ్చి, వరుస దినములలో ఇద్దరు పసివారు మరణించిరి. మొదటి బిడ్డ పోయిన దినమున ఎవరైనను ఆగి, "గొట్టము చూతము" అనియుండినచో రెండవ బిడ్డ తల్లిని చేరియుండును. మన పొరుగున బళ్ళారిలో 2024 నవంబరున ఆపరేషను ద్వారా ప్రసవించిన తల్లులు ఒకరి తరువాత ఒకరుగా ఐదుగురు పోయిరి. నరమునకెక్కించిన సెలైను మీద అనుమానము కలిగి దాని వాడుక నిలిపిరి. అది మత్తు సంగతి కాదు, మందు సంగతి. ఐనను ఒక మంచము మీద కనబడిన చెడ్డగుర్తు పక్క మంచమునకు ఎంత వేగముగ చేరవలెనను ప్రశ్న ఒక్కటే.

కేంద్ర ఆరోగ్యశాఖవారు 2018నుండి 2025 వరకు అమలు చేయదలచి ప్రకటించిన రోగి భద్రతా పత్రములో, ఇట్టి వార్తలు సేకరించి నేర్చుకొను వ్యవస్థ నెలకొల్పవలెనని స్పష్టముగ వ్రాసిరి. ఢిల్లీలో వ్రాసిరి. రాయచూరులో ఇరువది రూపాయల నోటుబుక్కు కొనుటకు మనసు రాకున్నది.

ఇక మన పెద్దల మాట. "మనము అల్పసంఖ్యాకులము, ఊరివారి దవాఖానామీద వేలు చూపినచో తెలుగువారు కయ్యాలమారులను పేరు వచ్చును. మన పిల్లలకు అచ్చటనే వైద్యము కావలెను గదా" అని ఒక పెద్దాయన ఈ పత్రికకే జాబు వ్రాసిరి. వారిపై మాకు గౌరవము మెండు. మా తండ్రిగారి ఈడువారు. కాని అయ్యా! మూడు తరములుగా ఈ ఊరి నీళ్ళు త్రాగుచున్నాము. మన బిడ్డలు కన్నడములో చదివి కన్నడములో ఉద్యోగములు చేయుచున్నారు. ఇంకను అద్దెయింటివానివలె గోడకు మేకు కొట్టుటకు జంకుట ఎన్నాళ్ళు? ఆ ఆంప్యూలుకు మాతృభాష లేదు. రేపు అది లింగసుగూరు రైతు భార్య వెన్నున దిగవచ్చును, మాన్వి ముసల్మాను బిడ్డ వెన్నున దిగవచ్చును. మనము అడుగుచున్నది తెలుగువారికి ప్రత్యేకపు మంచము కాదు. ఊరికంతటికి పనికివచ్చు పుస్తకము. ఊరివారమైనందుననే అడుగుచున్నాము.

భాష సంగతి వచ్చినది కనుక ఒకటి చెప్పవలసియున్నది. ఇది మన తప్పు. మత్తు ఇచ్చుటకు ముందు "ఏమైనను తింటిరా?" అని కన్నడములోనో, హిందీలోనో అడుగుదురు. మన ముసలమ్మలు "లేదు" అందురు. జావ త్రాగినది తినుట కాదట! టీ త్రాగినది అసలే కాదట! మత్తు పట్టిన మనిషికి కడుపులోనిది పైకి వచ్చినచో దగ్గుటకు శక్తి లేదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. అందులకే తేలిక భోజనమైనను ఆరు గంటలు, పాలైనను ఆరు గంటలు, వట్టి నీళ్ళు రెండు గంటలు ముందు మానవలెనని నియమము. ఇది తెలుగులో నాలుగు పంక్తులు అచ్చువేయించి ప్రతి ఇంటికి పంచవలసినది మన సంఘమే. ఇంతవరకు పంచలేదు. దసరా కార్యక్రమము కరపత్రములు మాత్రము రెండు రంగులలో పంచితిమి.

మా ఇంటి సంగతియే దాచనేల? పదునొకండు సంవత్సరములకు పూర్వము మా మేనత్తకు పిత్తాశయపు రాళ్ళకు ఆపరేషను నిశ్చయమైనది. ఆ ఉదయము ఆమె చిక్కని పాలు ఒక గ్లాసెడు త్రాగినది. మేము చూచితిమి. చెప్పినచో ఆపరేషను వాయిదా పడును, ఆ దినము మంచిదని పంచాంగము చూపించి పెట్టుకొన్న ముహూర్తము, బంధువులందరును వచ్చియుండిరి. మేము నోరు మెదపలేదు. మత్తు ఇచ్చుచుండగ ఆమెకు వాంతియైనది. డాక్టరుగారు గబాలున బల్లను తలక్రిందుగ వంచి, గొంతును యంత్రముతో పీల్చి శుభ్రపరచి, ఎట్లో నిలబెట్టిరి. మూడు దినములు ఆయాసపడి కోలుకొనెను. డాక్టరుగారు వరండాలోనికి వచ్చి, "ఖాళీ కడుపుతో ఇట్లేల అయ్యెనో నాకు తెలియలేదు" అని తమను తామే నొచ్చుకొనిరి. అప్పుడును మేము చెప్పలేదు. అంతటి నిపుణుడు ఎన్ని రాత్రులు తన చేతియందే దోషము వెదకికొనెనో మాకు తెలియదు. కావున దవాఖానావారు మాత్రమే దాచుచున్నారని మేమనుట లేదు. మేమును దాచినవారమే.

వారు దాచుటకు కారణములును మనమే కొంత సమకూర్చితిమి. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టము కిందికి తెచ్చెను; మంచిదే. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను, చికిత్సలో అజాగ్రత్త వలన ప్రాణము పోయినచో వైద్యునికి రెండేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. ఇవి చాలవన్నట్లు, మనిషి పోయినచో గుంపుగా పోయి అద్దములు పగులగొట్టుట ఒక ఆచారమైనది. దానిని ఆపుటకు 2009లో కర్ణాటక ప్రభుత్వము ప్రత్యేకముగ చట్టమే చేయవలసివచ్చినది. ఆ గుంపులలో మన యువకులును లేకపోలేదు. వారిని మందలించవలసిన మేము ఆనాడు మందలించలేదు. రాయి పట్టుకొని వాకిట నిలిచినవానికి లోపలివాడు తన పొరపాటు చదివి వినిపించునా?

ఐనను ఒక్క మాట. ప్రాణము పోయిన తరువాత కోర్టు తేల్చునది దోషమెవరిది యనియే. పంజాబులో 1995లో ఊపిరాడని ఒక రోగికై తెచ్చిన ప్రాణవాయువు సిలిండరు ఖాళీదయ్యెను, రోగి మరణించెను. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరి, ఘోరమైన అజాగ్రత్త ఉన్నగాని వైద్యుని నేరస్థునిగ విచారింపరాదను తీర్పు 2005 ఆగస్టులో వెలువడెను. పదేండ్లు! ఖాళీ సిలిండరు మంచము దాకా ఎట్లు వచ్చెను, రేపు మరల రాకుండుటెట్లు అను ప్రశ్న న్యాయమూర్తుల పని కాదు. అది ఆ ఉదయము సిలిండరు మార్చు మనిషి పని, సిస్టరు పని, డాక్టరు పని. వారు వ్రాసికొనవలసినది ఎవరికిని దెబ్బ తగులని దినముననే. దెబ్బ తగులని దినమున దావా వేయుటకు నష్టపడినవాడే లేడు. కావున "ఆ పుస్తకము కోర్టుకెక్కును" అని భయపెట్టు వకీలుగారు ముందుగ కక్షిదారుని వెదకి తేవలెను.

పేరు వ్రాయవలదు. తేది వ్రాయవలదన్నను సరే. ఏమి జరుగబోయెను, దేనివలన ఆగెను, మరునాటినుండి ఏమి మార్చితిరి. మూడు పంక్తులు చాలును. ఆ పుస్తకము యాజమాన్యపు గదిలో కాక మత్తుడాక్టర్ల చేతిలో ఉండవలెను. నెలకొకమారు ఊరిలోని మత్తుడాక్టర్లందరును, ఏ దవాఖానావారైనను, ఒక్కచోట కూర్చుండి చదువుకొనవలెను. పత్తి మిల్లులో బేళ్ళకు నిప్పంటుకొనబోయి ఆరినచో మనము సాయంత్రములోగా గంజ్‌లో పోటీదారునికి కూడ చెప్పుదుము; వాని మిల్లు తగులబడిన గాలి మన వైపే వీచునని మనకు తెలియును.

ఇప్పుడు అసలు తగవు. మన సంఘము విరాళములు ప్రోగుచేసి ఆ దవాఖానాకే, మత్తులోనున్న రోగి విడుచు బొగ్గుపులుసు వాయువును కొలిచి ఊపిరి సాగుచున్నదో లేదో తెరమీద చూపు యంత్రమును ఇయ్యదలచినది. మంచి యంత్రము, లారీగారు ఏనుగునైన ఇచ్చి కొనియుండెడివారు. సొమ్ము సిద్ధముగ నున్నది. దాతల పేర్లు చెక్కించు పాలరాతి ఫలకము కొలతలపై కమిటీలో రెండు సమావేశములు గడచినవి. మేము కార్యవర్గములో ఒక షరతు పెట్టితిమి: యంత్రముతో పాటు పుస్తకము ఉండవలెను, ఆ సిస్టరు మరల థియేటరుకు రావలెను. కొందరు, "దానమునకు షరతు ఏల? పుణ్యకార్యము" అనిరి. ఆ దినమున మన బిడ్డను నిలిపినది యంత్రము కాదు. పేరు పైకి చదివిన నోరు. ఆ నోటిని మూయించినవారికి యంత్రము నిచ్చి దండ వేయుట పుణ్యమెట్లగునో మాకు తెలియకున్నది. ఆ సిస్టరు కన్నడమమ్మాయి. మన పిల్లను కాపాడునపుడు ఆమె సంఖ్యాబలము లెక్కింపలేదు.

రాబోవు ఆదివారము సాయంత్రము ఐదు గంటలకు సంఘభవనమున సర్వసభ్య సమావేశము గలదు. షరతుపై చేతులెత్తి ఓటు తీసికొందురు. స్త్రీలును తప్పక రావలెను. ఆ బల్లమీద పడుకొనువారు వారే గదా. ఓడినచో మేము కార్యదర్శి పదవిని విడుతుము, విరాళమును మాత్రము వెనుకకు అడుగము.

భవనపు గుమ్మమున తాళము వేసిన ఒక పెట్టె ఉంచితిమి. మీ ఇండ్లలో, ఏ దవాఖానాలోనైనను, వెంట్రుకవాసిలో తప్పిన సంగతులను పేర్లు లేకుండ చీటీమీద వ్రాసి అందు వేయుడు. దవాఖానావారు దాచినవియు, మీరు దాచినవియు. ఆ చీటీలను మూటగట్టి ఊరి మత్తుడాక్టర్లకు అందజేయుదుము. పాలగ్లాసు చీటీ ఇదివరకే అందులో పడినది. దాని ప్రతిని ఆ డాక్టరుగారికి కూడ పంపితిమి; వారిప్పుడు వేరొక ఊరిలో ఉన్నారు.